షోలాపూర్ నుంచి తళ్ళికోట ఒక్కరోజు యుద్ధం టూర్: గైడుకు నాలుగున్నర స్టార్లు, బస్సుకు ఒకటిన్నర

నడిపిచ్చేటోళ్ళ పేరు నేను రాయను, ఇదే ఊర్ల బతకాలె, రేపు మార్కండేయ గుడి కాడ ఎదురైతే మొహం చూపియ్యాలె. టూర్ సంగతి మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్తా. పొద్దుగాల ఐదున్నరకు షోలాపూర్ల బస్సు ఎక్కిస్తరు, విజయపుర (పాత పేరు బీజాపూర్), తళ్ళికోట, ఆడికెళ్ళి కృష్ణ ఒడ్డున తంగడిగి చూపిస్తరు, రాత్రి పదికల్లా తెచ్చి దించుతమంటరు. మనిషికి 1,450 రూపాయలు, పిల్లలకు 900, టిఫిన్ అన్నం అందులనే అని ముందు చెప్పిన్రు, దాని సంగతి తర్వాత. జనవరి 26న పోయినం, నేను, మా బాపు, మా అక్క కొడుకు. మా ఊరి సంక్రాంతి జాతర గడ్డా యాత్ర అయిపోయింది, కార్ఖానా బంద్, మగ్గాల చప్పుడు లేకపోతే మా బాపుకు ఇంట్ల కాలు నిలవది, "పోదాం పారా, రాయలవారు ఓడిపోయిన జాగ చూసొద్దాం" అని ఆయనే బయలెల్లదీసిండు.

ఆ రాయలవారు ఎవరో బస్సెక్కేదాక బాపుకు సరిగ తెల్వది, కృష్ణదేవరాయలే అనుకుంటున్నడు. ఆయన 1529లనే పోయిండు బాపూ, ఇది 1565, దక్కన్ సుల్తాన్లు నలుగురు ఒక్కటై విజయనగరం మీదికి వచ్చిన యుద్ధం, ఓడింది ఆయన అల్లుడు, అప్పటికి విజయనగరం పెత్తనం చేస్తున్న రామరాయలు, అళియ అంటే కన్నడంల అల్లుడే అని నేను చెప్తే "అల్లుని చేతుల పెడితే అంతేరా" అన్నడు. మా బావ రాలే కాబట్టి సరిపోయింది.

బస్సు గురించి ఎక్కువ రాసే ఓపిక లేదు. ఏసీ అన్నరు, ఏసీ పని చెయ్యలే, చలికాలం కాబట్టి పొద్దున తెలవలే, మధ్యాహ్నం మంచిగ తెలిసింది. పందొమ్మిది సీట్లల్ల ఇరవై మూడు మందిని ఎక్కించి పిల్లలను ఒళ్ళె కూసోపెట్టుకోమన్నరు, మేం పిల్లగానికి 900 కట్టింది సీటు కోసమే కదా అంటే డ్రైవర్ "అడ్జస్ట్ కరా కాకా" అని పాట పెట్టిండు. అంతే, అడిగేటోడు లేడు చెప్పేటోడు లేడు.

నా అసలు లొల్లి బస్సుతోటి కాదు. సిద్ధేశ్వర్ చెరువు పక్క నుంచే పోయినం, మన షోలాపూర్ కోట, భుయ్‌కోట్ అంటం, దాని గోడలు మసక చీకట్ల కనిపిస్తనే ఉన్నయి, గైడ్ అన్న ముందు సీట్ల దస్తీ మొహం మీదేసుకొని పండుకున్నడు. అరే, తళ్ళికోట యుద్ధం మొదలయ్యేదే ఈ కోట కాడ! ఆయన మాత్రం మేం అడిగేదాక షోలాపూర్ పేరే తియ్యలే. షోలాపూర్ల బస్సెక్కిచ్చుకొని షోలాపూర్ కోటను ఇడిసిపెట్టి ఈ యుద్ధం చెప్పుడంటే పడుగు పొయ్యకుంట పేక ఏసినట్టు.

సంగతేందంటే, బహమనీ రాజ్యం ఐదు ముక్కలైనంక షోలాపూర్ కోట అహ్మద్‌నగర్ నిజాంషాలకు, బీజాపూర్ ఆదిల్‌షాలకు నడుమ పొలం గట్టు తగాదా లెక్క అయింది. 1524ల ఆదిల్‌షాల ఆడపిల్లను బుర్హాన్ నిజాంషాకు ఇచ్చి పెండ్లి చేసిన్రు, పెండ్లి కూడ షోలాపూర్లనే, కట్నం కింద ఈ కోట ఇస్తమన్నరు. ఇయ్యలే. ఆ ఇయ్యని కట్నం మీద నలభై ఏండ్లు కొట్టుకున్నరు, ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, ఎంత మంది సచ్చిన్రో.

ఈ తగాదా మీద ఎదిగినోడు రామరాయలు. 1543ల అహ్మద్‌నగర్, గోల్కొండలతోటి కలిసి బీజాపూర్ మీదికి పోయిండు, 1558 వచ్చేసరికి అదే బీజాపూర్‌ను ఎంటేసుకొని అహ్మద్‌నగర్ మీదికి పోయిండు, ఎవరు బలంగ కనిపిస్తే ఇంకోని దిక్కు నిలబడుడు, నడుమ కోటలు తీసుకునుడు. తెలివే, కాదనను. గని తెలివి ఎక్కువైన కాడ మర్యాద తక్కువైతది. రామరాయల కొడుకు పోతే అలీ ఆదిల్‌షా తనంతట తానే విజయనగరం పోయి పరామర్శించిండు, రామరాయల భార్య ఆయనను కొడుకు లెక్క చూసుకున్నది, ఇంత చేసి ఆయన తిరిగి పోయేటప్పుడు రామరాయలు సాగనంప రాలేదట. అది అలీ మనసుల ముల్లు లెక్క ఉండిపోయిందని సుల్తాన్ల చరిత్ర రాసిన ఫెరిష్తా రాసిండు. సాగనంపకపోవుడు ఎంత పెద్ద మాటో మనకు ఒకరు చెప్పాల్నా, మా పెద్దమ్మోళ్ళు మా ఇంటికొచ్చి పోయేటప్పుడు బాపు స్టాండ్ దాక రాలేదని రెండేండ్లు మాటలు బంద్.

ఇగ 1564ల ఏం చేసిన్రంటే, కుండమార్పిడి. హుసేన్ నిజాంషా బిడ్డ చాంద్‌బీబీని అలీ ఆదిల్‌షాకు ఇచ్చిన్రు, అలీ చెల్లెను నిజాంషా కొడుకు ముర్తజాకు చేసుకున్నరు, చాంద్‌బీబీ కట్నం కింద షోలాపూర్ కోట, ఈసారి నిజంగనే. ఇద్దరినీ కూసోపెట్టి మాట్లాడిచ్చినోడు గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా. ఆయన రాజు కాకముందు ప్రాణభయంతోటి విజయనగరంలనే, రామరాయల నీడలనే ఏడేండ్లు ఉన్నడు, తెలుగు అంటే పాణం, మన కవులు మల్కిభరాముడు అని పిలుచుకున్నది ఆయననే. రామరాయల ఇంటి గుట్టు అంత తెలిసినోడు. బీదర్ అలీ బరీద్‌షా కూడ కలిసిండు, బేరార్ ఒక్కటే రాలే. గట్టు తగాదా తీరిన రోజే రామరాయల పని సగం అయిపోయింది, ఫిరంగులు తర్వాత. ఈ పెండ్లి కూతురే ఆ తర్వాత 1595ల అక్బర్ కొడుకు తెచ్చిన సైన్యాన్ని అహ్మద్‌నగర్ కోట కాడ ఆపి నిలబెట్టిన చాంద్‌బీబీ, అది వేరే టూర్ పెట్టుకోవచ్చు వాళ్ళు.

భీమా బ్రిడ్జి దాటినంక టిఫిన్. పోహా చల్లగ, చాయ్ మంచిగ. ఎనిమిదింటికి విజయపుర, సీదా షేర్ బురుజు మీద మాలిక్-ఎ-మైదాన్ ఫిరంగి. ఇది చూసినందుకు పైసలు వసూల్ అనిపించింది. ఫిరంగి మూతి సింహం మూతి, తెరిచిన దవడల నడుమ చిన్న ఏనుగు నలుగుతుంటది, మా పిల్లగాడు ఆ ఏనుగు తొండం ఎటుందో వెతుకుడే పది నిమిషాలు. ఎండల పెట్టిన లోహం చెయ్యి పెడితే చల్లగ ఉంటది, అదేం మిశ్రమమో. 1549ల అహ్మద్‌నగర్ల పోతపోసిన్రు, 14 అడుగుల పైన పొడుగు, బరువు 55 టన్నులంటరు. నాది కార్ఖానాల డిస్పాచ్ పని, రోజూ లారీలకు టవల్ బేళ్ళు ఎక్కిస్తుంటా, 55 టన్నులంటే నాకు లెక్క కండ్ల ముందు కనిపిస్తది, పదహారు టన్నుల లారీలు మూడు నిండి ఇంకా మిగులుతది, ఇది మాత్రం ఒకటే ముక్క. 1632ల మన పక్క జిల్లా పరండా కోట నుంచి బీజాపూర్‌కు తేవడానికి 10 ఏనుగులు, 400 ఎద్దులు కట్టిన్రని చెప్తరు. ఇంగ్లీషోళ్ళ కాలంల 1854ల దీన్ని వేలం పెడితే 150 రూపాయలకు పోయిందట, మా టూర్ టికెట్ల పదో వంతు! తర్వాత ఎవరో ఆఫీసర్‌కు బుద్ధి పుట్టి వేలం రద్దు చేసిండు.

ఆడ గైడ్ అన్న మైకు పట్టుకొని "రామరాయలను లేపేసిన ఫిరంగి ఇదే" అని చెప్పిండు, అందరు ఫోటోలు. నాకు నమ్మకం కుదరలే. తళ్ళికోటకు తీసుకపోయిన్రని ఒక మాట ఉన్నది కాదనను, గని పది ఏనుగులు నాలుగొందల ఎద్దులు లాగేదాన్ని నది ఒడ్డున మూడు రోజులు అటు ఇటు తిప్పి, రేవు దాటిచ్చి, పొద్దటికల్లా వరుసల నిలబెట్టుడు అయ్యే పనేనా? పక్కకు పోయి అడిగితే నవ్విండు, "సార్, పబ్లిక్‌కు పెద్ద ఫిరంగి కావాలె, మీరు నది కాడ అడగున్రి, చిన్న ఫిరంగుల సంగతి చెప్తా" అన్నడు. అప్పుడే అర్థమైంది, ఈ మనిషికి విషయం తెలుసు, పొద్దుగాల నిద్రే శత్రువు.

తర్వాత గోల్ గుంబజ్‌ల గంటన్నర. మంచి కట్టడం, పైన గుసగుస మాట్లాడితే అవతల గోడ కాడ వినిపిస్తది, అన్ని ఒప్పుకుంటా, గని అది ముహమ్మద్ ఆదిల్‌షా సమాధి, ఆయన పోయింది 1656ల, యుద్ధం అయిన తొంభై ఏండ్లకు. యుద్ధం టూర్ అని టికెట్ అమ్మి గోల్ గుంబజ్ ఎందుకు? అలీ ఆదిల్‌షా 1561ల కట్టిచ్చిన గగన్ మహల్, ఈ యుద్ధం ముచ్చట్లు నడిచిన కాలం నాటి దర్బారు, ఆ పెద్ద కమాను బస్సు కిటికీల నుంచే చూపెట్టి "అదిగో" అన్నరు. దిగనియ్యలే. టైం లేదట. టైం లేనోళ్ళు ఆ తర్వాత ఒక దుకాణం ముందు ముప్పావు గంట ఆపిన్రు, లోపలికి పోతే ఏం అమ్ముతున్నరనుకున్నరు? షోలాపూర్ చాదర్లు! షోలాపూర్ల మగ్గాలు నడుపుకునేటోళ్ళకు విజయపురల షోలాపూర్ చాదర్ అమ్ముడు. మా బాపు ఒక చాదర్ అంచు వేళ్ళతోటి రాసి చూసి, దుకాణపాయన చెప్పిన రేటు విని, ఏం మాట్లాడకుంట బయటికొచ్చి బస్సు టైరు మీద కాలు పెట్టుకొని బీడీ ముట్టిచ్చిండు. ఆ మౌనం చూడాలె మీరు.

అన్నం దగ్గర మనిషికి 180 ఎక్కువ తీసుకున్నరు, "థాలీ వేరే, టూర్ల ఉన్నది సింపుల్ మీల్" అని. బుకింగ్ అప్పుడు చెప్పలే, చిట్టీ మీద కూడ లేదు. దీనికే బస్సు స్టార్లల్ల ఒకటి పోయింది. తిండి మాత్రం వంక పెట్టేది లేదు, వేడి జొన్న రొట్టె, నూనె తేలిన గుత్తి వంకాయ, శేంగా చట్నీ, మన కడక్ భాకరి తినే పండ్లకు ఆ మెత్తటి రొట్టె పండగ.

తళ్ళికోటల చాయ్ తాగినం, అంతే. చూసేది లేదు. 1564 డిసెంబర్ ఆఖరున నలుగురు సుల్తాన్ల దండు ఈడ దిగింది కాబట్టి యుద్ధానికి ఈ ఊరి పేరు పడ్డది, కొట్లాట జరిగింది ఈడ కాదు, కృష్ణ దిక్కు ఇంకా చానా దూరం పోవాలె. మన తెలుగు పుస్తకాలల్ల ఉండే "రాక్షసి తంగడి" పేరే నయం. బాపు ఆ రాక్షసి ఎవతె అని అడిగిండు పాపం. రాక్షసి లేదు ఏం లేదు, రక్కసగి, తంగడిగి అని ముద్దేబిహాళ తాలూకల రెండు ఊర్లు, ఆ రెండు కలిసి మన నోట్ల పడి అట్లయినయి. కొట్లాట సరిగ్గ ఏ పొలంల అయిందో చరిత్ర రాసేటోళ్ళు ఇంకా తేల్చుకోలే, ఈ రెండు ఊర్ల నడుమ ఉత్తరం ఒడ్డున అని కొందరు, నది దాటి దక్షిణాన అని కొందరు. గైడ్ అన్న ఇది దాచకుంట మైకుల చెప్పిండు, నాకు అది నచ్చింది, వేరేటోడైతే ఒక బండ చూపెట్టి ఈడనే తల నరికిన్రు అనేటోడు.

నది కాడికి పోయేసరికి మూడున్నర. ఇక్కడి నుంచి ఆ మనిషే వేరు. ఎగువన ఆలమట్టి, దిగువన నారాయణపుర, రెండు డ్యాముల నడుమ నీళ్ళు నిండుగ ఉన్నయి, రేవు ఏదంటే నీళ్ళల్లకే వేలు చూపెట్టిండు. బస్సు మీద సామాను కట్టే తాడు తెచ్చి ఒడ్డు మీద పొడుగ్గ పరిచి "ఇది కృష్ణ" అన్నడు. సగం మందిమి రామరాయల దిక్కు, సగం మంది సుల్తాన్ల దిక్కు. తాడు మీద ఒక్క తాన చాదర్ ముక్క ఏసిండు, అదే రేవు, దాటాలంటే ఆడనే దాటాలె. రామరాయల సైన్యం ఆ రేవుకు ఎదురుంగ మట్టి కట్టలు ఏసుకొని ఫిరంగులు పెట్టుకొని కూసున్నది. ఎదురుంగ వచ్చినోడు వచ్చినట్టే పోతడు. మరి ఎట్ల?

సుల్తాన్ల దిక్కోళ్ళను నడవమన్నడు. తాడు పొంట నడుస్తనే ఉన్నరు వాళ్ళు, వేరే రేవు దొరికినట్టు, చేతులు చూపెట్టుకుంట. మాకు ఆయన ఏం చెప్పలే, నిలబడమన్లే, పొమ్మన్లే. మేమే నడిచినం! ఎవరన్న ఎదురుంగ మీ గట్టు పొంట పోతుంటే మీరు ఉన్న తాన ఉండలేరు, కాళ్ళు వాటంతటవే పోతయి, ఆడ దాటితే ఎట్ల అని. అట్ల దూరం పోయినంక గైడ్ అన్న ఈల ఊదిండు, వాళ్ళు గిర్రున మళ్ళి ఉరికిన్రు, మేం ఎండకు ఎదురుంగ తిరిగి కండ్లు నులుముకునేసరికి అవతలోళ్ళు చాదర్ ముక్క మీదికెళ్ళి ఇటు దూకిన్రు, ముందు దూకినామె నవ్వుకుంట నా భుజం తట్టి "అయిపోయింది అన్నా" అన్నది. అప్పుడు చెప్పిండు, మూడు రోజులు ఇట్లనే చేసిన్రు, రామరాయల దండు అవతలి ఒడ్డు పొంట ఎంట నడిచింది, మూడో నాటి రాత్రి డేరాలు పీకి వెనక్కి మళ్ళి కాపలా లేని రేవుల నుంచి దాటేసిన్రు అని. పుస్తకంల రెండు లైన్లల్ల ఉండే ముచ్చట ఇది, ఇట్ల కాళ్ళతోటి చదివితే జన్మల మరిచిపోరు. రేవు కాడ కొంతమందిని ఇడిసిపెట్టి పోవాలె కదా అని నేను అంటే, "సార్, మీరు ఇడిసిపెట్టిన్రా?" అన్నడు. నోరు మూసుకున్న.

ఇగ అందరి చెప్పులు ఇప్పిచ్చిండు.

చెప్పులతోటే యుద్ధం పేర్చిండు ఒడ్డు మీద. నడుమ రామరాయలు, అటొక తమ్ముడు ఇటొక తమ్ముడు, తిరుమల, వెంకటాద్రి. ఎదురుంగ నడుమ హుసేన్ నిజాంషా, ఒక పక్క అలీ ఆదిల్‌షా, ఇంకో పక్క కుతుబ్‌షా, బరీద్‌షా. రామరాయలకు మా బాపు కొల్హాపురి చెప్పు పెట్టిండు, అన్నిటికంటె పాతది అదే, రామరాయలకు అప్పటికి ఎనభై దాటినయి కదా. 1565 జనవరి 23. నిజాంషా ముందట పిల్లల చెప్పులు మూడు వరుసలు, ఇవి ఫిరంగులు, మొత్తం 600, వరుసకు 200, ముందు పెద్దవి, వెనక మధ్యరకం, ఆ వెనక తిప్పుకుంట కాల్చే చిన్నవి, గొలుసులతోటి కట్టి. వీటికి పెద్ద చెలబీ రూమీఖాన్. ఫిరంగుల ముందు ఎవరిదో శేంగల పొట్లం తీసుకొని గుప్పెడు పోసిండు, ఇవి 2,000 మంది విలుకాండ్లు. ఫిరంగులు కనిపియ్యకుంట అడ్డం నిలబడి బాణాలు ఏస్తరు, విజయనగరం దండు మీదికి వస్తున్న కొద్ది మెల్లగ పక్కలకు జరుగుతరు. మా పిల్లగాడు ఆ విలుకాండ్లను ఒకొక్కన్ని తింటున్నడు, గైడ్ అన్న "మంచిదే, తగ్గుతున్నరు" అని కథ నడిపిండు.

పక్కల మాత్రం రామరాయల తమ్ముండ్లే నెట్టుకుంట పోయిన్రు, బీజాపూర్, గోల్కొండ దండ్లు వెనక్కి తగ్గినయి, కొట్లాట మన దిక్కే మళ్ళింది. నడుమ హుసేన్ నిజాంషా ఒక్కడు కదలలే. మీద మీదికి వచ్చేదాక ఆగి, దగ్గరికొచ్చినంక ఫిరంగులల్ల గుండ్లకు బదులు రాగి డబ్బుల సంచులు కూరి కాల్చిన్రు. గుండైతే ఒక్కడు పోతడు, డబ్బుల సంచి ఇడిస్తే విసనకర్ర లెక్క పరుచుకుంటది, ఆ ఒక్క తానే 5,000 మంది పైన పడ్డరని రాసిన్రు. ఆ పొగల, ఆ గందరగోళంల ఫిరంగుల నడుమ సందులకెళ్ళి బీజాపూర్ సర్దార్ కిశ్వర్‌ఖాన్ 5,000 గుర్రాలతోటి దూకిండు.

"మరి మనోళ్ళ కాడ ఫిరంగులు లేకుండెనా?" అని బాపు అడిగిండు, నాకు ఈ టూర్ మొత్తంల నచ్చిన ప్రశ్న ఇదే, జవాబు కూడ మంచిగ చెప్పిండు. ఉండె. గని 1520ల రాయచూరు కాడ ఇదే బీజాపూర్ దండు దగ్గర ఫిరంగులు బాగ ఉన్నయి, కృష్ణదేవరాయలు ముందుకు రాంగనే అన్నిటిని ఒక్కసారే కాల్చేసిన్రు. ముందు వరుస పడిపోయింది, రాయలు వెనక్కి పోలే, మళ్ళ మందు కూరుకునే లోపట్నే మీద పడి ఉతికిండు, ఫిరంగులు కూడ గుంజుకున్నడు. గెలిచినోళ్ళు అనుకున్నరు ఫిరంగి అంటే గింతేనా, గుర్రం ఏనుగు ఉంటే చాలు అని. ఓడినోళ్ళు మాత్రం ఎందుకు ఓడినం అని కూసొని ఆలోచించిన్రు. నలభై ఐదేండ్లకు ఫిరంగులు మూడు వరుసలైనయి, ముందు తెర కట్టిన్రు, దగ్గరికొచ్చేదాక ఓపిక పట్టిన్రు. పవర్‌లూమ్ వచ్చినప్పుడు చేతి మగ్గం మంచిగ నడుస్తున్నోడే కదా అందరికంటె లేటుగ మార్చింది, బాపు ఆ మాట అనలే గని నా దిక్కు చూసిండు, మా తాత సంగతి అది.

రామరాయలు పల్లకీల వచ్చిండు ఆ రోజు. గుర్రం ఎక్కున్రి అంటే ఇనలే. కొట్లాట గట్టిగ అయినంక దిగి, ఎర్ర మఖ్మల్ పందిరి కింద గద్దె ఏపిచ్చుకొని, ముందట బంగారం, నగలు కుప్పలు పోసి బాగ కొట్లాడినోళ్ళకు పంచుకుంట కూసున్నడు. మళ్ళ పల్లకీ ఎక్కిండు, ఇంతల నిజాంషా ఏనుగు ఒకటి అదుపు తప్పి అటు ఉరికింది, బోయీలు పల్లకీ పడేసి పారిపోయిన్రు. ఏనుగు తొండంతోటి పట్టిచ్చిన్రు, హుసేన్ ముందటికి తీసుకపోయిన్రు, ఆడికాడనే తల తీసి బల్లెం మీద పెట్టి చూపెట్టిన్రు, తల కనిపియ్యంగనే దండు మొత్తం ఇరిగిపోయింది. ఈ ముక్క చెప్పుకుంట గైడ్ అన్న ఏనుగు పాత్ర మా పిల్లగానికి ఇచ్చిండు, వాడు తొండం లెక్క చెయ్యి ఊపుకుంట వచ్చి బాపు చెప్పు ఎత్తి గిరాటేసిండు, అది రాళ్ళల్ల పడి బొటనవేలి పట్టీ తెగింది. అందరు చప్పట్లు. బాపు తప్ప.

ఆఖరుకు రామరాయల సేనాపతులు గిలానీ అన్నదమ్ములు ద్రోహం చేసిన్రనే మాట గురించి లొల్లి. ఒక పెద్దమనిషి లేచి "ఇద్దరు సేనాపతులు అటు దుంకకపోతే మనం గెలిచేటోళ్ళం, అది చెప్పవేంది" అన్నడు. గైడ్ అన్న చెప్పిండు, రెండేండ్లకు 1567ల విజయనగరం వచ్చిన ఇటలీ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ రాసిండు ఇద్దరు తురక సర్దార్లు ఒకొక్కడు డెబ్బై ఎనభై వేల మందితోటి తిరగబడ్డరని, ఫెరిష్తా ఆ మాటే ఎత్తలే, మీరు ఏది నమ్ముతరో నమ్మున్రి. పెద్దమనిషి శాంతించలే. నాకైతే ద్రోహం జరిగినా జరగకున్నా లెక్క మారదు అనిపించింది, రేవు అప్పటికే పోయింది, నలుగురు ఒక్కటైన రోజు ఇంకా ముందే పోయింది, పాత స్నేహితులు ముగ్గురు ఎదురుంగ నిలబడ్డ రోజు ఒక్క ద్రోహం మీద అంతా ఏసుడు సులువు. తమ్ముడు తిరుమల బతికి బయటపడి 550 ఏనుగుల మీద ఖజానా ఎక్కిచ్చుకొని, కీలుబొమ్మ రాజు సదాశివరాయలను ఎంటేసుకొని పెనుకొండ దిక్కు పోయిండు, ఆ తర్వాత విజయనగరాన్ని నెలల తరబడి దోచిన్రు.

తిరుగు ప్రయాణం రాసేది లేదు, ముద్దేబిహాళ దాటినంక టైరు పంక్చర్, స్టెప్నీల గాలి లేదు, షోలాపూర్ చేరేసరికి రాత్రి పన్నెండున్నర. అయితే దార్ల గైడ్ అన్న పక్కకు పోయి కూసొని షోలాపూర్ కట్నం సంగతి అడిగిన. మొత్తం తెలుసు ఆయనకు! బుర్హాన్ పెండ్లి నుంచి మొదలుపెట్టి చెప్పిండు. మరి పొద్దున కోట కాడ ఎందుకు ఆపలే అంటే, "ఊరోళ్ళకు ఊరి కోట చూపెడితే పైసలు ఎందుకిస్తరు సార్, ఓనర్ వద్దన్నడు" అన్నడు. ఓనర్ ఇది చదువుతుంటే నా మాట ఒకటి, గోల్ గుంబజ్ తీసేసి ఆ గంటన్నర మన కోట కాడ పెట్టు, చాదర్ల దుకాణం తీసేసి గగన్ మహల్ కాడ దించు, రేటు రెండొందలు పెంచినా ఎవరు ఏమనరు.

మళ్ళ పోతవా అంటే పోతా, గైడ్ అన్న ఉంటేనే, బుకింగ్ అప్పుడు అడిగి కన్ఫర్మ్ చేసుకోన్రి, వేరే గైడ్ అయితే ఇంట్ల కూసోన్రి. అన్నం పైసలు వేరే అని ముందే మాట తీసుకోన్రి, వెనక సీట్లు తీసుకోకున్రి, నీళ్ళు మీవి మీరే తెచ్చుకోన్రి. ఇంకొకటి, పాత చెప్పులు ఏసుకొని పోకున్రి, పెద్దవయసు చెప్పు కనిపిస్తే ఆయన రామరాయలను చేస్తడు, మా బాపు సేఫ్టీ పిన్ను పెట్టుకొనే ఇంటికొచ్చిండు.